పొద్దు వాలే వేళ పెద్దవాళ్లు ఎందుకు మారిపోతారు?

అందరికీ నమస్కారం. కాలనీ సంఘం వాళ్లు డిమెన్షియా గురించి, అంటే పెద్దవయసులో జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు గురించి మాట్లాడమన్నారు. మొత్తం చెప్పబోవడం లేదు. సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి భోజనాలయ్యేదాకా ఇంట్లో జరిగే దాని గురించే చెప్తాను. నా దగ్గరికొచ్చే కుటుంబాలు మతిమరుపుతో కన్నా ఆ కాసిన్ని గంటలతోనే ఎక్కువ అలసిపోతున్నాయి.

పొద్దున పేపరు తిరగేసి, మనవడిని పేరుపెట్టి పిలిచిన మనిషే సందెవేళకి "పదండి, ఇంటికి పోదాం" అంటారు. ఉన్నది సొంతింట్లోనే. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటారు. నా డబ్బు కోడలు తీసిందంటారు. కట్టుకున్న భార్యనే "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతారు. డాక్టర్లు దీన్ని సన్‌డౌనింగ్ అంటారు. ఇది వేరే జబ్బేమీ కాదు, డిమెన్షియా ఉన్న కొందరిలో కనిపించే తీరు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. కాబట్టి ఇది మీ ఒక్కరింటి గొడవ కాదు. చాదస్తమూ కాదు, కోడలిని సాధించడం అంతకన్నా కాదు.

మెదడు అడుగుభాగంలో, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన, చిన్న కణాల గుంపు ఒకటుంటుంది. వెలుతురును బట్టి పగలేదో రాత్రేదో ఒంటికి చెప్పేది అదే. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో ఆ కణాలూ దెబ్బతింటాయి. నిద్రకు సాయపడే మెలటోనిన్ తగ్గుతుంది. దానికి తోడు చీకటి. 1941లో కామెరాన్ అనే సైకియాట్రిస్టు, రాత్రిళ్లు గందరగోళపడే వృద్ధులను పట్టపగలు చీకటి గదిలో ఉంచి చూశాడు. గంట తిరక్కుండానే అదే గందరగోళం మొదలైంది. ఇప్పుడైతే అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరనుకోండి. కానీ కంటికి చుట్టూ ఉన్నది ఆనకపోతే మనసు ఎంతగా పట్టుతప్పుతుందో దాన్నిబట్టి తెలిసింది.

ఇక మన ఇళ్లు చూడండి. దోమలొస్తాయని ఐదింటికే కిటికీలు మూసేస్తాం. చీకటి పడ్డాక గానీ లైటు వెయ్యం. అదే టైముకి కుక్కర్ విజిల్స్, పిల్లల హోంవర్కు, టీవీలో అత్తాకోడళ్ల అరుపులు. ఆ అరుపులు మన ఇంట్లోవే అనుకునేవాళ్లున్నారు. కర్టెన్ వెయ్యని కిటికీ అద్దంలో తన నీడే కనబడి, బయట ఎవడో నిలబడ్డాడని హడలిపోయేవాళ్లున్నారు. పొద్దు ఉండగానే ఇల్లంతా లైట్లు వేసి, కర్టెన్లు లాగి, ఆ రెండు గంటలు టీవీ కట్టేస్తే కొన్ని ఇళ్లలో సగం గొడవ తగ్గుతుంది. పొద్దున కాసేపు ఎండలో నడిపించండి. మధ్యాహ్నం కునుకు అరగంట మించనివ్వకండి. నాలుగు దాటాక కాఫీ, టీలు వద్దు.

ఒక ఇంటి సంగతి చెప్తాను. పల్లెటూరి రైతు, కొడుకు దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నారు. సాయంత్రమైతే చాలు, లిఫ్టు వైపు నడుస్తారు, గేదెల పాలు పితకాలని. "గేదెల్ని ఎప్పుడో అమ్మేశాం నాన్నా" అని కొడుకు చెప్తే, తనను అడక్కుండా అమ్మేశారని రోజూ కొత్తగా రగిలిపోయేవారు. ఒకరోజు కోడలు వాదించడం మానేసి, "ముందు ఏ గేదె దగ్గరికెళ్లాలి మామయ్యా?" అంది. ఆయన ఆగారు. నల్లది తంతుందని, తౌడు కలిపిన కుడితి పెడితే గానీ చేపదని చెప్పడం మొదలుపెట్టారు. ఆమె చిక్కుడుకాయల పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. ఈనెలు తీస్తూ కబుర్లలో పడ్డారు. అన్ని రోజులూ ఇలా కుదరలేదు. కుదరని రోజు ఆయన వెంట కిందికెళ్లి, ఓ చుట్టు తిరిగి పైకి తీసుకొచ్చేది.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. రోజూ ఉండే తికమక రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి ముదిరినా, మనిషి మరీ మగతగా పడి ఉన్నా, సన్‌డౌనింగే కదా అని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మలబద్ధకం కావచ్చు, ఎక్కడో నొప్పి కావచ్చు. మాటిమాటికీ బాత్రూముకి లేవలేక నీళ్లు మానేసే పెద్దవాళ్లు చాలామంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన జలుబు మాత్ర చాలు, కొందరికి మతి తప్పడానికి. అప్పుడు వెంటనే డాక్టరుకి చూపించండి.

"ఒక నిద్రమాత్ర రాసెయ్యండి" అని అడుగుతారు నన్ను. మీ బాధ నాకర్థమవుతుంది. కానీ చాలా నిద్రమాత్రలు ఈ వయసులో తికమకను పెంచుతాయి. రాత్రి లేచినప్పుడు తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆవేశం తగ్గించే యాంటీసైకోటిక్ మందుల వల్ల డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. లూయీ బాడీ అనే రకం డిమెన్షియాలో, ఈ మందుల్లోనే హాలోపెరిడాల్ లాంటివి మరీ ప్రమాదం. తనకో పక్కవాళ్లకో హాని జరిగే పరిస్థితి ఉంటే మేమూ రాస్తాం, తక్కువ డోసులో, కొద్దికాలానికి. పాత చీటీతో నెలల తరబడి కొనకండి.

చివరిగా, విదేశాల్లో ఉన్న పిల్లల సంగతి. "వీడియో కాల్‌లో అమ్మ బాగానే మాట్లాడుతోందే, వదినే ఎక్కువ చేసి చెబుతోంది" అంటుంటారు. వాళ్లు ఫోన్ చేసేది డ్యూటీ అయ్యాక, అంటే మనకు పొద్దున. ఆవిడ రోజంతటిలో బాగుండే సమయం అదే. ఒక్క వారం వాళ్లను మన సాయంత్రం ఆరింటికి చెయ్యమనండి. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు పొద్దున ఏడున్నరో ఎనిమిదిన్నరో. ఆ అరగంట అమ్మతో పాత కబుర్లు చెప్తూ కూర్చుంటే, ఇక్కడ వదినగారు స్టవ్ దగ్గర పని ముగించుకుంటుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.