మనవాళ్లే కదా అనుకునే చోట

(నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో పొదుపు సంఘాల సమావేశంలో ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకూ చెల్లెళ్లకూ, ముందు వరసలో కూర్చున్న ఆశా కార్యకర్తలకూ, ఏఎన్‌ఎం అమ్మలకూ నమస్కారం.

వైరస్ జబ్బులు ఊరి మీద పడినప్పుడు ఎట్లా జాగ్రత్తపడాలో చెప్పమని నన్ను పిలిచారు. మాస్కు పెట్టుకోండి, చేతులు కడుక్కోండి అని చెప్పేసి కూర్చోవచ్చు. కానీ అవి మీకు కొత్త కాదు. 2020లో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆ మాటలే వినపడేవి. అంత తెలిసి కూడా ఇంటింటికీ జబ్బు ఎట్లా పాకింది? దాని గురించే మాట్లాడతాను.

కొవిడ్ వార్డులో చేసిన ఏ నర్సునైనా అడిగి చూడండి. రోగి మంచం పక్కన ఉన్నంతసేపూ మాకు భయం ఉండేది. ఆ భయమే మమ్మల్ని కాపాడింది. ఒళ్లంతా కప్పే రక్షణ కిట్ లోపల చెమట కారి బట్టలు తడిసి ముద్దయినా చెయ్యి మొహం మీదికి పోనిచ్చేవాళ్లం కాదు. అసలు గండం డ్యూటీ దిగాక మొదలయ్యేది. కిట్ విప్పేటప్పుడు, ఇంటికి పోవాలన్న తొందరలో. ఆ తర్వాత టీ గదిలో, నలుగురూ మాస్కులు దించి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నప్పుడు. వార్డులో అంత పట్టుగా ఉన్న మనిషే ఇక్కడ తోటి నర్సు క్యారియర్‌లోంచి చేత్తో పచ్చడి ముక్క తీసుకుంటుంది. పరాయివాళ్లా ఏంటి, మనవాళ్లే కదా!

ఇళ్లల్లోనూ ఇదే వరస. బజారుకు పోతే మాస్కు, బస్సెక్కితే మాస్కు. అక్క కొడుకు చెన్నై నుంచి వస్తే మాత్రం మాస్కు తీసేసి పక్కన కూర్చుని అన్నం వడ్డిస్తాం. "ఏం కాదులే మే, పిల్లోడు బాగానే ఉండాడు" అంటాం. పిల్లోడు నిజంగానే బాగుంటాడు. కొవిడ్ వచ్చినవాళ్లు జ్వరం తగలడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఎదుటివాళ్లకు అంటిస్తారు. ఆటలమ్మా అంతే, పొక్కు కనపడక ముందే మొదలవుతుంది. తట్టు ఇంకా ఘోరం. ఒంటి మీద దద్దు తేలడానికి 4 రోజుల ముందు నుంచి అంటుకుంటుంది, బిడ్డ గదిలోంచి వెళ్లిపోయినా 2 గంటల దాకా ఆ గాల్లో ఉండగలదు. మీ సంఘాల్లో పసిపిల్లల తల్లులు ఉంటే ఒక్కమాట: 9 నెలలు నిండగానే తట్టు రాకుండా వేసే ఎంఆర్ టీకా ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. రెండోది మరిచిపోయేవాళ్లు చాలామంది. ఇంటికి పోగానే కార్డు తీసి చూడండి.

2018లో కేరళలో కోజికోడ్ దగ్గర నిపా అనే వైరస్ జబ్బు వచ్చింది. తొలి రోగులకు సేవ చేసిన లినీ అనే నర్సుకు అది అంటుకుని మే 21న చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఆమె పేరు తలుచుకోకుండా ఈ విషయం మాట్లాడటం నాకు చేతకాదు. ఆ రోగం అప్పుడు ఎక్కువమందికి ఎక్కడ అంటుకుందో తెలుసా? ఆసుపత్రుల్లోనే. సాయంగా వచ్చినవాళ్లకు, చూసిపోదామని వచ్చినవాళ్లకు, ఆ వరండాలో వేరే జబ్బుతో వచ్చి కూర్చున్నవాళ్లకు. అక్కడి ప్రభుత్వం రోగుల దగ్గరికి వెళ్లినవాళ్ల జాబితా రాసి, వాళ్లను రోజూ కనిపెట్టి చూసింది. అందువల్లే ఆగింది.

మన దగ్గర మనిషి ఆసుపత్రిలో చేరాడంటే బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని ఆటో నిండా జనం దిగుతారు. పలకరించకపోతే మాట పడతామని భయం. ఆ ప్రేమను నేను తక్కువ చేయను, మా వార్డులో రోగులు సగం దాని మీదే కోలుకుంటారు. కానీ వైరస్ తిరిగే రోజుల్లో రావద్దని చెప్పే ధైర్యం ఇంటి ఆడదానికి కావాలి. ఆ మాట ఆమె ఒక్కతే చెబితే చెడ్డదవుతుంది. సంఘం అంతా కలిసి తీర్మానం చేస్తే ఎవరూ చెడ్డ కారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగిన జిల్లా మనది. గుమ్మం దగ్గర చుట్టాన్ని ఆపడం దాని ముందు ఎంత పని?

మన పెద్దవాళ్లకు ఇది తెలుసు కూడా. ఆటలమ్మ పోసిన ఇంటికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ గుమ్మం చూసి పైవాళ్లు లోపలికి వచ్చేవాళ్లు కాదు, బిడ్డకు చాప వేరు, చెంబు వేరు. పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా అదే కట్టుబాటు. డాక్టర్లు ఇప్పుడు చెప్పే గడువు కూడా అదే. అయితే అమ్మవారని చెప్పి మందులు ఆపడం మాత్రం తప్పు. ఆయాసం వచ్చినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా ఆసుపత్రికి తేవాల్సిందే.

2021 మేలో ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం జనం వరస కట్టిన కృష్ణపట్నం రోడ్డు మీరంతా చూసే ఉంటారు. ఆ మందు కొవిడ్‌ను తగ్గిస్తుందని రుజువు కాలేదు. అయినా వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా పరిగెత్తుతారు. నాకు గుండె అదిరింది ఆ వరస చూసి. జబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకరి ఊపిరి ఒకరికి తగిలేటంత దగ్గరగా నిలబడ్డారు.

ఇంట్లో ఒకరికి వస్తే సేవ చేసే మనిషి ఒక్కరే ఉండాలి. గర్భిణులు, షుగరు ఉన్నవాళ్లు, ముసలివాళ్లు కాకూడదు. గదికి కిటికీ తీసి పెట్టండి, చలిగాలి తగులుతుందని మూయొద్దు. కొవిడ్ లాంటి ఊపిరి జబ్బయితే వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే మిషను 94 కంటే తక్కువ చూపిస్తే తెల్లారేదాకా ఆగకండి. నేల తుడవడానికి బ్లీచింగ్ నీళ్లు చాలు. ఇంకా శుభ్రమవుతుందని అందులో బాత్రూం కడిగే యాసిడ్ కలిపేవాళ్లున్నారు. విషవాయువు లేస్తుంది, గది మూసి ఉంటే ప్రాణానికే ముప్పు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు. "ఒక సూది వేయించుకుంటే పోతుంది" అని ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి తెలియని నొప్పి సూదులు వేయించుకోకండి. అది డెంగీ అయితే కొన్ని నొప్పి మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి, పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. ఇంకో సంగతి, డెంగీలో జ్వరం దిగిందని సంబరపడే రోజే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనపడితే వెంటనే రండి.

ఇక విప్పడం. మాస్కు ముందు భాగం జబ్బు పట్టిన జల్లెడ అనుకోండి, దాన్ని ముట్టుకోకూడదు. ముందు చేతులు కడుక్కుని, చెవుల దగ్గర దారాలు పట్టుకుని, తల కొంచెం ముందుకు వంచి తీయాలి. గడ్డం కిందికి లాగి మాట్లాడి మళ్లీ పైకి నెట్టడం మాస్కు లేనిదానికంటే మేలేమీ కాదు. చేతొడుగులైతే ఒకదాన్ని మణికట్టు దగ్గర బయట వైపు పట్టి ఒలవాలి, రెండోదాని లోపలికి వట్టి వేలు దూర్చి తిరగేసి తీయాలి. తీసిన వెంటనే 20 సెకన్లు సబ్బు, గోళ్ల సందులూ బొటనవేళ్లూ వదలకుండా. వార్డులో మేము విప్పేటప్పుడు ఇంకొకరు ఎదురుగా నిలబడి చూసేవాళ్లు, చెయ్యి మొహం మీదికి పోతే "ఆగు" అని కేక వేసేవాళ్లు. మీ ఇంట్లోనూ ఒకరిని దూరంగా నిలబెట్టి చూడమనండి.

పక్కన రెండు బకెట్లూ సబ్బూ పెట్టించాను, చేతొడుగులు తెచ్చాను. వాటికి కొంచెం కుంకుమ నీళ్లు రాస్తాను. ఇద్దరిద్దరుగా రండి. ఒకరు తొడుక్కుని విప్పండి, రెండోవాళ్లు చూస్తూ ఉండండి. చేతికి ఎక్కడ ఎరుపు అంటితే అక్కడ వైరస్ అంటినట్టు లెక్క. ముందు ఆశా అమ్మలు రండి.