రాయ్ జోన్స్ జూనియర్ కెరీర్ రివ్యూ: సియోల్‌లో పోయిన గోల్డ్ నుంచి హెవీవెయిట్ బెల్టు దాకా

అందరికీ నమస్కారం. ఈ మధ్య రీల్స్‌లో అమెరికన్ బాక్సర్ రాయ్ జోన్స్ జూనియర్ రెండు రకాలుగా కనిపిస్తున్నాడు. ఒకదాంట్లో రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని ఎదుటివాడిని కవ్విస్తుంటాడు. ఇంకోదాంట్లో దెబ్బ తిని రింగులో పడి ఉంటాడు. ఆ రెండోది చూసి 'ఇతనికి అంత సీన్ లేదు' అనేవాళ్ళున్నారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే పాత ఫైట్లు మళ్ళీ వరుసగా చూసి ఈ వీడియో చేస్తున్నాను.

అమెచ్యూర్ రోజుల నుంచి మొదలుపెడదాం. ఊరు ఫ్లోరిడాలోని పెన్సకోలా. పుట్టింది 1969లో. తండ్రి రాయ్ జోన్స్ సీనియర్ తనూ బాక్సరే, కొడుక్కి మొదటి కోచ్ ఆయనే. చాలా కఠినమైన మనిషి. జోన్స్ 1986లో, 1987లో వరుసగా నేషనల్ గోల్డెన్ గ్లవ్స్, అంటే అమెరికా అమెచ్యూర్ బాక్సింగ్‌లో పెద్ద టోర్నీ, గెలిచి, 19 ఏళ్ళకే 1988 సియోల్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. 71 కిలోల ఫైనల్. ఎదురుగా ఆతిథ్య దేశం కుర్రాడు పార్క్ సీ హున్. మూడు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు. జోన్స్ 86 పంచ్‌లు తగిలించాడు, పార్క్ 32. చూస్తున్నంతసేపూ ఎక్కడా అనుమానం రాదు. కానీ ఐదుగురు జడ్జీల్లో సోవియట్, హంగరీ జడ్జీలు జోన్స్‌కి ఇస్తే, మిగతా ముగ్గురూ పార్క్‌కి ఇచ్చారు. రిఫరీ పార్క్ చెయ్యి ఎత్తుతుంటే పార్క్ ముఖం చూడండి, గెలిచినవాడి ముఖంలా ఉండదు. తర్వాత అతనే జోన్స్‌ని పైకి ఎత్తాడు. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని సిల్వర్‌తో మిగిలిన జోన్స్‌కే ఇచ్చారు. ఈ గొడవ తర్వాతే 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ వచ్చింది. 35 ఏళ్ళకి, 2023లో, పార్క్ పెన్సకోలా వెళ్ళి ఆ గోల్డ్ మెడల్‌ని జోన్స్ చేతిలో పెట్టాడు. ఆ వీడియో చూసినప్పుడు నాకు పార్క్ మీదే ఎక్కువ జాలి కలిగింది. తను అడగని గెలుపు మోయడం కూడా శిక్షే కదా.

1989లో సొంత ఊళ్ళోనే ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకి తండ్రి నుంచి విడిపోయి, సియోల్ టీమ్‌తో ఉన్న ఆల్టన్ మెర్కర్సన్‌ని కోచ్‌గా పెట్టుకున్నాడు. 1993లో బెర్నార్డ్ హాప్కిన్స్‌ని ఓడించి ఐబీఎఫ్ అనే బాక్సింగ్ సంస్థ ఇచ్చే మిడిల్‌వెయిట్ (160 పౌండ్ల లోపు) వరల్డ్ బెల్టు తీసుకున్నాడు. ఈ హాప్కిన్స్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు ఆట గురించి. జోన్స్‌కి పందెం కోళ్ళు పెంచడం పిచ్చి. తన కదలికలు కొన్ని వాటిని చూసే నేర్చుకున్నానని తనే చెప్పాడు. మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మంచి పుంజు ఊరికే మీద పడదు. మెడ చాచి ఊరిస్తుంది, పక్కకి జరుగుతుంది, అవతలిది ముందుకొచ్చిన క్షణంలో గాల్లోకి లేచి కాలితో కొడుతుంది. 1994లో జేమ్స్ టోనీతో ఫైట్, మూడో రౌండు చూడండి. టోనీ చేతులు దించి వెక్కిరించాడు. జోన్స్ అచ్చం అలాగే చేతులు దించి, ఆ దూరం నుంచే ఎగిరి లెఫ్ట్ హుక్ వేశాడు. టోనీ వెనక్కి పడ్డాడు. అప్పటిదాకా టోనీకి ఓటమే లేదు. ఆ రీల్‌లో చేతులు వీపు వెనక పెట్టింది 2002లో గ్లెన్ కెల్లీతో. అక్కడి నుంచే కుడిచేత్తో కొట్టి నాకౌట్ చేశాడు.

1995లో విన్నీ పజియెంజా మీద నాలుగో రౌండులో ఒక్క దెబ్బా తినలేదు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ వాళ్ళు అలాంటి రౌండు నమోదు చేయడం అదే మొదటిసారి. 1996లో మధ్యాహ్నం బాస్కెట్‌బాల్ లీగ్ మ్యాచ్ ఆడి, రాత్రి టైటిల్ కాపాడుకున్నాడు. 1997లో మాంటెల్ గ్రిఫిన్ మోకాలి మీద కూలబడి ఉండగా కొట్టి డిస్‌క్వాలిఫై అయ్యాడు. అది పూర్తిగా అతని తప్పే. రీమ్యాచ్‌ని మొదటి రౌండులోనే ముగించాడు.

2003 మార్చి 1, లాస్ వేగస్. జోన్స్ 193 పౌండ్లు, జాన్ రూయిజ్ 226 పౌండ్లు. అయినా 12 రౌండ్లు ఆడించి డబ్ల్యూబీఏ అనే ఇంకో సంస్థ హెవీవెయిట్ (అన్నిటికంటే పెద్ద బరువు విభాగం) బెల్టు గెలిచాడు. మిడిల్‌వెయిట్ చాంపియన్‌గా ఉన్నవాడు హెవీవెయిట్ గెలవడం 1897లో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ తర్వాత ఇదే.

నన్నడిగితే ఆ రాత్రే గ్లవ్స్ విప్పేయాల్సింది. కానీ ఎనిమిది నెలల్లో బరువు తగ్గి మళ్ళీ 175 పౌండ్ల లైట్ హెవీవెయిట్ విభాగానికి దిగాడు. ఆంటోనియో టార్వర్ మీద ఎలాగో గెలిచినా, ఒంట్లో ఆ చురుకు లేదని తెలిసిపోయింది. 2004 మేలో రీమ్యాచ్. ఈ రాత్రి ఏ సాకు చెబుతావని టార్వర్ రింగు మధ్యలోనే అడిగాడు. రెండో రౌండులో ఎడమచేత్తో పడగొట్టాడు. సెప్టెంబర్‌లో గ్లెన్ జాన్సన్ కొట్టిన దెబ్బకి జోన్స్ చాలాసేపు లేవలేదు.

ఎందుకలా అంటే, జోన్స్ గార్డు, అంటే ముఖానికి అడ్డం పెట్టే చేతులు, కిందే ఉంటుంది, జాబ్‌తో (ముందు చేత్తో వేసే సూటి పంచ్) దారి చేసుకోవడం తక్కువ, తల వెనక్కి లాగి తప్పించుకుంటాడు. కోచ్‌లు చేయొద్దనేవన్నీ చేస్తాడు. కళ్ళు, కాళ్ళు అంత వేగంగా ఉన్నంతకాలం అవేవీ తప్పులు కావు. 35కి ఆ వేగం కొంచెం తగ్గింది. ఆ కొంచెమే చాలింది. అదే హాప్కిన్స్‌ని చూడండి. గార్డు, ఓపిక, లెక్క. 2010లో జోన్స్‌ని ఓడించి, ఆ మరుసటి ఏడాది 46 ఏళ్ళకి వరల్డ్ చాంపియన్ అయ్యాడు.

జోన్స్ మాత్రం 2018 దాకా ఆడుతూనే ఉన్నాడు. అప్పటికి 66 గెలుపులు, 9 ఓటములు. ఆ తొమ్మిదిలో ఎనిమిది 35 దాటాకే వచ్చాయి. అతన్ని అంచనా వేసేటప్పుడు ఈ ఒక్క లెక్క దగ్గర పెట్టుకోండి చాలు.

ఇంతవరకూ చూడనివాళ్ళు ముందు సియోల్ ఫైనల్ చూడండి, తొమ్మిది నిమిషాలే. తర్వాత టోనీ ఫైట్ 12 రౌండ్లూ చూడండి, హైలైట్స్ వద్దు. ఆ తర్వాత రూయిజ్. టార్వర్ రెండో ఫైట్ ఆఖరికి ఉంచుకోండి. మీరు చూసిన జోన్స్ ఫైట్లలో ఏ రౌండు గుర్తుండిపోయిందో కామెంట్లలో రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను.