సంతకమే కదా అడిగింది! (ఫోన్-ఇన్ కార్యక్రమం, విజయవాడ)

వ్యాఖ్యాత: నమస్కారం. రియల్ ఎస్టేట్ పార్టనర్ కోసం మన పేరు మీద లోన్ తీయడం, షూరిటీ ఉండటం, ఇదీ ఇవాళ్టి విషయం. స్టూడియోలో విశ్రాంత బ్యాంకు మేనేజరు గారున్నారు. మొదటి కాల్ పటమట నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మా ఫ్రెండు వెంచర్ వేస్తుంటే బ్యాంకులో షూరిటీ సంతకం పెట్టా. వాడు కట్టడం ఆపేశాడు, నోటీసు నాకొచ్చింది. ముందు వాడి ఆస్తి అమ్ముకుని, చాలకపోతే గదా నా దగ్గరికి రావాలి?

నిపుణుడు: ఎవరు చెప్పారలా?

కాలర్: అందరూ అంటారు గదండీ.

నిపుణుడు: 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ చూడమనండి. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీ ఉన్నవాడికీ అంతే. బ్యాంకు నేరుగా మీ మీదకే రావచ్చు. మీరు కడితే ఆ డబ్బు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకుంటుంది. కట్టిన ప్రతి రసీదూ దాచుకోండి. నోటీసుకి జవాబివ్వకుండా మాత్రం కూర్చోవద్దు, లాయర్‌ని కలవండి.

కాలర్: ఇంకోటి సార్...

వ్యాఖ్యాత: లైన్లో చాలామంది ఉన్నారండీ, ధన్యవాదాలు. గోరంట్ల, గుంటూరు. చెప్పండమ్మా.

కాలర్: సార్, నేను గవర్నమెంటు టీచర్నండీ. ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసుంది. మావారిది ప్రైవేటు ఉద్యోగం, ఆయనకి షుగరు, అది సరేలెండి. మా తోడికోడలి తమ్ముడు రియల్ ఎస్టేట్ చేస్తాడు. మంచోడేనండీ. మా పాప ఓణీల ఫంక్షనప్పుడు షామియానా దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అంతా తనే చూసుకున్నాడు...

నిపుణుడు: అసలు సంగతి చెప్పండమ్మా.

కాలర్: అదేనండీ. పెదకాకాని వైపు పొలం బేరం కుదిరిందంట. "అక్కా, నువ్వు రూపాయి పెట్టక్కర్లేదు, ఇల్లు తనఖా పెట్టి 40 లక్షలు లోన్ తీసిపెట్టు. ఈఎంఐ నేను కడతా, అమ్మినాక లాభంలో సగం నీది" అంటున్నాడు.

నిపుణుడు: అతనే తీసుకోవచ్చుగా లోను?

కాలర్: సిబిల్, అదే అప్పులు సరిగ్గా కట్టామో లేదో చూపే స్కోరంట, పడిపోయిందంటండీ, కరోనా టైములో.

నిపుణుడు: చూశారా! బ్యాంకు లెక్కలేసుకుని వద్దనుకున్న మనిషికి మీరు ఓణీల ఫంక్షన్ చూసి 40 లక్షలు ఇస్తున్నారు. ఎన్నేళ్ళకి లోను?

కాలర్: పదేళ్ళంట.

నిపుణుడు: మీ సర్వీసేమో తొమ్మిదేళ్ళు. 10 శాతం వడ్డీ అనుకుంటే నెలకి దాదాపు 53 వేలు. మీ చేతికెంతొస్తుంది?

కాలర్: కోతలు పోను డెబ్బై చిల్లరండీ.

నిపుణుడు: అతను కట్టని నెల మిగిలిన పదిహేడు వేల చిల్లరతోటే ఇల్లు గడుపుకోవాలి. సరే, పొలం ఎవరి పేరున?

కాలర్: తన పేరునేనండీ. నాకు వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసిస్తానన్నాడు.

నిపుణుడు: రిజిస్టరు చేయని కాగితం ఈసీలో, అదే ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ రికార్డులో, కనపడదమ్మా. రేపు మీకు తెలియకుండా ఇంకొకళ్ళకి అమ్మేస్తే ఆ పేపరు పట్టుకుని కోర్టు చుట్టూ తిరగాలి.

కాలర్: అంటే సార్, నేను డబ్బులేం పెట్టట్లేదు గదా. సంతకమే...

నిపుణుడు: ఎన్నిసార్లు చెప్పించుకుంటారమ్మా! ఇల్లు మీది, జీతం మీది, సంతకం మీది. బ్యాంకుకి మీ వాటాల సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 90 రోజులు కట్టకపోతే మొండి బాకీ కింద రాస్తారు. తర్వాత 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆ మీదట స్వాధీనం. ఆ పొలం బ్యాంకు తనఖాలోనే లేదు కదా, వేలానికొచ్చేది మీ ఇల్లు.

కాలర్: ఏడాదిలో అమ్ముడైపోద్దంటున్నాడండీ.

నిపుణుడు: 2014లో రాజధాని అనగానే లేచిన రేట్లు 2019 తర్వాత ఏమయ్యాయో మీ గుంటూరోళ్ళకి నేను చెప్పాలా? బేరం రాకపోతే భూమి అలాగే ఉంటుంది. ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది.

కాలర్: సార్... అప్లికేషన్ మీద సంతకం పెట్టేశానండీ. పోయిన గురువారం.

నిపుణుడు: అయ్యో. డబ్బు పడిందా అకౌంట్లో?

కాలర్: లేదండీ. కాగితాలు లాయర్ ఒపీనియన్‌కి వెళ్ళాయంట.

నిపుణుడు: ఒరిజినల్ దస్తావేజులు ఇచ్చారా?

కాలర్: జెరాక్సులే.

నిపుణుడు: హమ్మయ్య. సోమవారం పొద్దున్నే బ్రాంచికి వెళ్ళి, లోన్ వద్దని రాసివ్వండి. మీ కాపీ మీద వాళ్ళ స్టాంపు, తేదీ వేయించుకోండి. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి.

కాలర్: మా తోడికోడలికి ఏం చెప్పాలండీ?

నిపుణుడు: మావారు ఒప్పుకోలేదని చెప్పండి.

కాలర్: ఆయనకి ఇంకా తెలీదండీ.

నిపుణుడు: ...అయితే సోమవారం దాకా ఆగొద్దు తల్లీ. ఇవాళ రాత్రికే ఆయనతో చెప్పండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. మంగళగిరి నుంచి మరో కాలర్.

కాలర్: సార్, ప్రీలాంచ్ ఆఫరు, వెంచర్ మొదలవకముందే తక్కువకి ప్లాటు వస్తుందని చెబితే పర్సనల్ లోన్ తీసి పార్టనర్‌కి ఇచ్చాను, ఆరు లక్షలు.

నిపుణుడు: రెరా నంబరు, అదే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఉందా ఆ వెంచర్‌కి? 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకానికి పెట్టకూడదు.

కాలర్: వస్తుందన్నారు సార్... హలో... హలో...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది. కంకిపాడు, త్వరగా అడగండి.

కాలర్: జాయింట్ లోన్‌లోంచి నా పేరు తీయించుకోవచ్చా సార్? పార్టనర్ సరేనన్నాడు.

నిపుణుడు: మీరిద్దరూ అనుకుంటే చాలదు, బ్యాంకు ఒప్పుకోవాలి. అతనొక్కడి ఆదాయం ఆ లోన్‌కి సరిపోతుందో లేదో చూస్తారు. వాళ్ళు ఒప్పుకోకపోతే అతను వేరే బ్యాంకులో తన పేరున లోన్ తీసి దీన్ని మూసెయ్యాలి. అందాకా వాయిదా కట్టాడో లేదో నెలనెలా మీరే చూసుకోండి, ఆలస్యమైతే ఇద్దరి సిబిల్‌లోనూ పడుతుంది. ఇందాక ఆ టీచరమ్మకి చెప్పిందే, బ్యాంకుకి మీ వాటాలు...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది సార్. ధన్యవాదాలు. నమస్కారం.