రాత్రి మెసేజ్‌కి నిద్ర ఎందుకు పట్టదు? ఉద్యోగంలో ఒత్తిడి గురించి కాసేపు

[తెర మీద: చీకటి గది. ఫోన్ వెలుగుతుంది. టైం 9:40.]

"రేపు పొద్దున ఒకసారి మాట్లాడాలి." మేనేజర్ నుంచి మెసేజ్. దేని గురించో లేదు. ఇక చూడండి, పోయిన వారం పంపిన రిపోర్ట్‌లో తప్పుందా? సెలవు అడిగినందుకా? గుండె దడ, మెడ బిగుసుకుపోవడం, తెల్లారేదాకా పక్క మీద దొర్లడం. అంతా ఒక్క లైను మెసేజ్‌కి.

ఇది మీ పిరికితనం కాదు. ముప్పు ఉందనిపిస్తే చాలు, ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. ముప్పు తప్పాక తగ్గిపోవాలి. కానీ ఉద్యోగంలో ఒకటి తీరేలోగా ఇంకోటి వచ్చి పడుతుంది. తగ్గే వ్యవధే దొరకదు.

[తెర మీద: త్రాసు. ఒక వైపు "పని భారం", రెండో వైపు "పని మీద పట్టు".]

పని ఎక్కువైతే ఒత్తిడి అనుకుంటాం. అది సగమే నిజం. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు రెండో సగం చూపించారు. పని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు మీకుందా లేదా? భారం ఎక్కువై, ఆ వీలు లేనిచోటే మనిషి నలిగిపోతాడు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనాల్లోనూ గుండె జబ్బులు పై అధికారుల కన్నా కింది ఉద్యోగుల్లోనే ఎక్కువ కనిపించాయి. పని మీద పట్టు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని తేలింది.

అందుకే ఊపిరి గట్టిగా పీల్చి వదలండి అన్న సలహాతో నేను ఆగలేను. ఆ నిమిషానికి అది పనిచేస్తుంది, నిజమే. కానీ టేబుల్ మీద పని అలాగే ఉంటుంది కదా.

[తెర మీద: మూడు ఫైళ్లు. వాటి మీద నాలుగోది పడుతుంది.]

చేతిలో మూడు పనులున్నాయి, నాలుగోది వచ్చింది. కుదరదని చెప్పడానికి భయం, సరే అంటే రాత్రంతా జాగారం. మధ్యలో ఒక దారుంది. "మేడమ్, నా దగ్గర ఈ మూడు ఉన్నాయి. ఇది ఈ రోజే కావాలంటే వీటిలో ఏది రేపటికి జరపమంటారు?" మీరు కాదనలేదు. ఏది ముందో తేల్చే బాధ్యత మాత్రం, అది ఎవరిదో వాళ్ల దగ్గరికే వెళ్లింది. అనుకున్నది రెండు లైన్లలో మెయిల్ పెట్టేయండి. తర్వాత మాట మారదు.

రెండోది, పని ముగించి సీట్లోంచి లేచే ముందు పది నిమిషాలు. పూర్తికాని పని ఇంటిదాకా వెంటపడుతుంది. ఎప్పుడు, ఎలా చేస్తామో కచ్చితంగా రాసుకుంటే, పని అవ్వకపోయినా ఆ వెంటపడడం తగ్గుతుందని 2011లో మసికాంపో, బామైస్టర్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించారు. "రిపోర్ట్" అని రాసి వదిలేస్తే లాభం లేదు. "రేపు 10 గంటలకు మూడో పేజీ లెక్కలు సరిచూడాలి" అని రాయండి.

[తెర మీద: గడియారం ముళ్లు గిర్రున తిరుగుతాయి.]

ఇక గంటల సంగతి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. ఒక నెల పాటు మీ గంటలు రాసి పెట్టుకోండి. పని భారం గురించి పైవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ కాగితం పక్కన ఉండాలి.

సెలవు తీసుకున్నా అలసట తీరడం లేదా? ఇష్టమైన పనే మొహం మొత్తిందా? ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నానని అనిపిస్తోందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌కి, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయే స్థితికి, చెప్పిన లక్షణాలు ఈ మూడే. దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచోట ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చేదిగా చెప్పింది. వారాల తరబడి నిద్ర లేకపోతే మాత్రం డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే కలవండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. దయచేసి ఒక్కరే మోయకండి.

[తెర మీద: మళ్లీ అదే ఫోన్.]

ఆ మెసేజ్‌కి ఇలా జవాబివ్వచ్చు: "సరే మేడమ్. దేని గురించో చెబితే సిద్ధమై వస్తాను." మీ కింద ఎవరైనా పనిచేస్తుంటే, మీరు మెసేజ్ పెట్టేటప్పుడే ఇంకో ముక్క కలపండి.

[తెర మీద అక్షరాలు టైప్ అవుతాయి: "రేపు పొద్దున ఒకసారి మాట్లాడాలి. కొత్త ప్రాజెక్ట్ తేదీల గురించి, కంగారేం లేదు."]