సాకెట్ కలిసింది కదా అని ఆర్డర్ పెట్టకండి

అందరికీ నమస్కారం.

సర్వర్ నెమ్మదించింది, కొత్తది కొనే పరిస్థితి లేదు, ప్రాసెసర్లు మారిస్తే సరిపోతుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. చాలాసార్లు నిజంగానే సరిపోతుంది. కానీ డౌన్‌టైమ్ తీసుకుని, మూత విప్పాక కొత్త ప్రాసెసర్ పడదని తెలిస్తే ఆ రాత్రి టెన్షన్ మామూలుగా ఉండదు. చూడాల్సినవన్నీ ఆర్డర్ పెట్టకముందే చూసేయాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మొదట అందరూ చూసేది సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. పొరబాటు పడేది కూడా అక్కడే. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లలో జియాన్ ఈ5-2600 తొలి తరం, రెండో తరమైన వీ2 ఎల్‌జీఏ 2011 అనే సాకెట్‌లో కూర్చుంటాయి. వీ3, వీ4లకు ఎల్‌జీఏ 2011-3 కావాలి. అంకె ఒకటే, పిన్నులూ అన్నే. అయినా ఒకదాని ప్రాసెసర్ ఇంకోదానిలో పట్టదు. మెమరీ కూడా డీడీఆర్3 నుంచి డీడీఆర్4కి మారిపోయింది.

సరే, సాకెట్ అచ్చంగా అదే అనుకుందాం. ఏఎండీ సర్వర్ ప్రాసెసర్లైన ఎపిక్‌లో 2017 నాటి నేపుల్స్, 2019లో వచ్చిన రోమ్, 2021లో వచ్చిన మిలాన్, మూడిటికీ ఎస్‌పీ3 సాకెట్టే. అయినా నేపుల్స్ కాలం బోర్డులన్నీ తర్వాతి తరాలను నడపలేవు. కొన్నిటిలో బయోస్ (సర్వర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) ఉండే చిప్ సైజే చాలదు. రోమ్ ఎక్కినా, పాత బోర్డయితే కార్డులు, డిస్కులు కలిపే పీసీఐఈ 4 లింక్ వేగం రాదు. అందుకని నమ్మాల్సింది తయారీదారు ఇచ్చే సపోర్ట్ లిస్ట్‌నే. అందులో మీ మోడల్ పేరు ఉంటే చాలదు, మీ బోర్డు రివిజన్ కూడా కలవాలి. కనీసం ఏ బయోస్ వెర్షన్ ఉండాలో కూడా చూడండి. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే కమాండ్ కొడితే బోర్డు, బయోస్ వివరాలు వచ్చేస్తాయి, మూత విప్పే పని లేదు.

బయోస్‌ను పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేసేయాలి. కొత్తది పెట్టాక బోర్డు దాన్ని గుర్తుపట్టకపోతే స్క్రీన్ కూడా రాదు. ప్రాసెసర్ లేకుండానే బీఎంసీ (సర్వర్‌ను దూరం నుంచి చూసుకునే చిన్న చిప్) నుంచి బయోస్ ఎక్కించే వీలు కొన్ని సర్వర్లలో ఉంది, అన్నిటిలో లేదు.

ఇక వేడి. ఈ5-2620 వీ4 టీడీపీ (కూలింగ్ తట్టుకోవాల్సిన వేడి) 85 వాట్లు, అదే సాకెట్‌లో కూర్చునే 2699 వీ4ది 145 వాట్లు. సన్నటి వన్‌యూ సర్వర్‌లో 85 వాట్లకు పెట్టిన, వేడి లాగే చిన్న హీట్‌సింక్ మీద 145 వాట్లు వేస్తే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. పెట్టిన డబ్బు వృథా. పెద్ద హీట్‌సింక్ తెప్పిద్దామంటే, దాని స్క్రూల కొలత ఒకసారి చూడండి. ఈ తరం బోర్డుల్లో 80×80 మిల్లీమీటర్ల చదరపు రకం ఒకటి, 56×94 మిల్లీమీటర్ల సన్న రకం ఒకటి ఉన్నాయి. ఒకదాని హీట్‌సింక్ ఇంకోదానికి బిగించలేరు. ప్రాసెసర్ల విషయంలో అంత జాగ్రత్తపడి, చివరికి స్క్రూ దగ్గర ఆగిపోవడం చాలా బాధగా ఉంటుంది.

రెండు సాకెట్ల సర్వర్ అయితే రెండూ ఒకే మోడల్ ఉండాలి, స్టెపింగ్ (చిప్ రివిజన్) కూడా ఒకటే అయితే మరీ మంచిది. పేరు చివర పీ ఉన్న ఎపిక్‌లు ఒంటరిగానే పనిచేస్తాయి, జతకు కుదరవు. సెకండ్ హ్యాండ్ ఎపిక్ కొంటుంటే ఒకటి తప్పక అడగండి: ఇంతకుముందు ఏ కంపెనీ సర్వర్‌లో ఉండేది? ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ (తయారీదారు సంతకమున్న బయోస్‌తోనే బూట్ అయ్యే ఏర్పాటు) ఆన్ చేసిన సర్వర్‌లో వాడి ఉంటే, ఆ ప్రాసెసర్ ఆ తయారీదారు బోర్డులకే లాక్ అయిపోతుంది. ఆ లాక్ మళ్లీ విప్పలేం.

హార్డ్‌వేర్ అంతా కుదిరాక లైసెన్స్ లెక్క వేయండి. విండోస్ సర్వర్‌కు 2016 వెర్షన్ నుంచి కోర్ల లెక్కనే లైసెన్స్. ఎనిమిది కోర్ల 2620 వీ4లు రెండు తీసి, 22 కోర్ల 2699 వీ4లు రెండు పెడితే 16 కోర్ల లైసెన్స్ కాస్తా 44 కోర్లకు పెరుగుతుంది. ఇది అకౌంట్స్ వాళ్లకు ముందే చెప్పాలి.

బిగించాక మెమరీ మొత్తం కనిపిస్తోందో లేదో చూడండి. సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా ఒక మెమరీ చానల్ (ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య దారి) మాయమవ్వొచ్చు, సర్వర్ మాత్రం బూట్ అయిపోవచ్చు. కొన్ని గంటలు ఫుల్ లోడ్ పెట్టి, బీఎంసీలో టెంపరేచర్ చూస్తూ ఉండండి. పాత ప్రాసెసర్లను అప్పటిదాకా చేతికందేలా పెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.