ఒకే దిబ్బ, ఎనిమిది ముక్కలు

అందరికీ నమస్కారం.

గురువు లేకుండా నీటిరంగులతో బొమ్మలు వేసేవాళ్లను తొలిచే ప్రశ్న ఒకటుంది: నాదంటూ ఒక శైలి ఎప్పుడొస్తుంది? దాన్ని వెతుక్కుంటూ వారానికో రంగుల పెట్టె కొంటాం, నెలకో చిత్రకారుణ్ణి అనుకరిస్తాం. ఆ తిరుగుడు ఆపి, ఒకే చోటును అవే రంగులతో మళ్లీ మళ్లీ వెయ్యమని నా మనవి.

మనకు విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. పొద్దున్నే, ఎండ ఇంకా వాలుగా ఉండగా వెళ్లండి. 22×30 అంగుళాల నిండు షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 7.5×11 వస్తుంది. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్‌ది కొనండి. కుంచెల్లో పొదుపు చెయ్యొచ్చు గానీ ఇక్కడ వద్దు. చవక కాగితం రెండో పూతకే పీచు లేస్తుంది. చెప్పేవాళ్లు పక్కన లేకపోవడంతో ఆ తప్పు తమ చేతిదే అనుకుని ఎంతోమంది మానేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

రంగులు మూడు చాలు: అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం, బర్న్ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమ, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు. నలుపు వద్దు. ఫోటోలో దిబ్బ నీడ నల్లగా కనిపిస్తుంది; ఎదురుగా నిలబడి చూస్తే ఎదుటి మట్టిగోడ ఎరుపు ఆ నీడలోకి పడుతూ ఉంటుంది. అల్ట్రామెరీన్, సియన్నా కలపండి. నీలం పెరిగితే చల్లటి బూడిద, సియన్నా పెరిగితే వెచ్చటి గోధుమ.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పూత ఆరడం ఆలస్యం. పైకి ఆరినట్టే ఉంటుంది. తొందరపడి తడి కుంచె పెడితే ఆ నీరు కింది రంగును అంచుకు తోసి, కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక చేస్తుంది. అరచేతి వెనకభాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మిగిలిన కాగితాన్ని సిలికా జెల్ పొట్లంతో ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టండి. తేమకు కాగితం మీది జిగురు పూత పాడైతే, అక్కడ రంగు అద్దుడు కాగితంలోలా ఇంకిపోయి మచ్చలు పడతాయి.

ఒక్కో ముక్కకు ఇరవై నిమిషాలు, అంతే. వెనక తేదీ, వేళ రాయండి. ఎనిమిదీ అయ్యాక నేలమీద పరిచి, బాగున్నదేదని కాకుండా, ప్రతిసారీ దేన్ని వదిలేశారో, ఎక్కడ ఆగిపోయారో చూడండి. ఐదింట్లో ఆకాశం ఖాళీగా ఉందా? మట్టి చారల దగ్గరే కుంచె తచ్చాడిందా? అది మీ చెయ్యి.

రవీంద్రనాథ్ టాగోర్ చిత్రకళ ఏ బళ్లోనూ నేర్చుకోలేదు. రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలను కలుపుతూ పోగా ఆకారాలు పుట్టాయి. 1930లో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, పారిస్‌లో ప్రదర్శన పెట్టారు. కొట్టివేతల్లో తన గీతను ఆయన గుర్తుపట్టారు. అందుకే పాడైన ముక్కలను పారెయ్యకండి, వాటినీ ఆ వరుసలోనే పరచండి.

ఇక బల్ల దగ్గరికి రండి. కాగితం తడిపి ఉంచాం, ముందు ఆ నీడ రంగు కలుపుదాం.