నడిసముద్రంలో తిన్నె

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో ఏ వీధిలో నిలబడినా కొండ కనిపిస్తుంది. సముద్రం చూడాలంటే మాత్రం బస్సెక్కాలి. వాకాడు దగ్గర తూపిలిపాలెం మన జిల్లాలోదే అయినా, చాలామందికి సముద్రం అంటే ఇప్పటికీ చెన్నై మెరీనానే గుర్తొస్తుంది. అయినా ఈ మధ్య పొద్దున నడకకు పోతే క్రూయిజ్ మాట తరచుగా వినబడుతోంది. 2022లో చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి మీదుగా విహార నౌక నడిచింది. మరుసటి ఏడాది విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. సింగపూర్‌లో పిల్లలున్న తల్లిదండ్రులైతే అక్కడికి పోయినప్పుడు నాలుగు రోజులు ఓడలో కూడా తిరిగి వస్తున్నారు. టికెట్ తీసే ముందు అందరూ ఒకే చోట ఆగుతున్నారు. బాల్కనీ ఉన్న గది తీసుకోవాలా, అక్కర్లేదా?

ఇప్పటికి నేను రెండుసార్లు ఓడ ఎక్కాను. ఒకసారి కిటికీ కూడా లేని గదిలో, ఇంకోసారి బాల్కనీ గదిలో ఉన్నాను. ఆ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చెబుతాను.

ముందు గదుల సంగతి. ఓడలో గదిని క్యాబిన్ అంటారు. ఓడ లోపలి భాగంలో ఉండేది ఇన్‌సైడ్ క్యాబిన్. నాలుగు గోడలూ మూసే ఉంటాయి, ధర అన్నిటికన్నా తక్కువ. సముద్రం వైపు అద్దాల కిటికీ ఉండేది ఓషన్ వ్యూ. ఆ అద్దం తెరుచుకోదు, చూడటానికి మాత్రమే. ఆ తర్వాతది బాల్కనీ గది. తలుపు తీస్తే బయట రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల. ఆ పైన సూట్లు, అంటే ఇంకా పెద్ద గదులు ఉంటాయి, వాటి జోలికి నేను పోను. ధర మామూలుగా గదికి ఇద్దరు లెక్కన తలకింత అని చెబుతారు. అదే గదిలో మూడో మనిషి ఉంటే ఆ మనిషికి తక్కువ పడుతుంది. ఒక్కరే పోతే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాల్సి వస్తుంది.

మొదటిసారి నేనూ మా ఆవిడా చెన్నైలో ఎక్కాం. రెండు రాత్రులు సముద్రంలో తిరిగి మళ్లీ చెన్నైకే వచ్చే ఓడ అది. ఇన్‌సైడ్ గది తీసుకున్నాం. మనం తిరుమలలో గది ఎందుకు తీసుకుంటాం? మూట పెట్టుకోవడానికి, స్నానానికి, ఒక కునుకు తీయడానికి. దర్శనం, మాడ వీధులు, పుష్కరిణి అన్నీ బయటే కదా. రెండు రాత్రుల ఓడ ప్రయాణం కూడా అంతే అనిపించింది. సాయంత్రం ఎక్కాం, భోజనం చేసి పాటల కార్యక్రమం చూసి పడుకున్నాం. మరునాడు పగలంతా పై డెక్కుల మీదే, అంటే ఓడ పైన ఆరుబయట అంతస్తుల్లోనే గడిపాం. గదిలో మేలుకొని ఉన్నది మొత్తం మీద రెండు గంటలు కూడా లేదు. పై డెక్కు మీద కనిపించే సముద్రం అందరిదీ. బాల్కనీకి డబ్బు కట్టినవాళ్లూ, కట్టని మేమూ ఒకే కమ్మీ పట్టుకుని నిలబడి సూర్యోదయం చూశాం.

ఆ గదిలో ఒక విచిత్రం ఉంది. దీపం ఆర్పితే కంటికి మన చెయ్యి కూడా కనిపించదు. పొద్దున ఏడయిందో, అర్ధరాత్రి మూడయిందో తెలియదు. చాలా ఓడల్లో టీవీలో ఒక ఛానెల్ ఉంటుంది, ఓడ ముందు భాగంలో పెట్టిన కెమెరా చూపించేది ఆ తెర మీద కనిపిస్తూ ఉంటుంది. శబ్దం తీసేసి దాన్ని అలాగే వదిలేస్తే తెల్లవారేసరికి గది నెమ్మదిగా వెలుగుతుంది. రెండో రాత్రి మేము అలాగే చేశాం. పగటి నిద్ర అలవాటున్నవాళ్లకూ, రాత్రి డ్యూటీలు చేసి అలసిపోయినవాళ్లకూ ఆ చీకటి ఒక వరం.

ఇబ్బంది పడింది మా ఆవిడ. ఓడ కాస్త ఊగగానే ఆ మూసిన గదిలో తల తిరిగి వాంతి వచ్చేట్టు అయింది. పైకి తీసుకుపోయి గాలిలో కూర్చోబెట్టి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడమన్నాను. పావుగంటలో కుదుటపడింది. దీనికి కారణం ఉంది. ఒళ్లు ఊగుతున్నదని చెవి లోపలి భాగం చెబుతుంటే, గోడల మధ్య కళ్లు మాత్రం అంతా నిలకడగా ఉందని చెబుతాయి. ఆ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. దూరపు గీతను చూస్తే కళ్లూ చెవీ ఒక మాట మీదికి వస్తాయి. అందుకని కడుపులో తిప్పేవాళ్లకు బాల్కనీ మంచిదని చాలామంది చెబుతారు. అందులో సగమే నిజం ఉంది. బాల్కనీ గదులు ఎక్కువగా పై అంతస్తుల్లో ఉంటాయి, ఊగు ఎక్కువ తెలిసేదీ అక్కడే. ఓడకు నడుమ, కింది అంతస్తుల్లో కదలిక తక్కువ. తల తిరిగే మనిషికి కింద, మధ్యలో, కిటికీ ఉన్న గది దొరికితే అది పైన చివర్లో ఉన్న బాల్కనీ కంటే మేలు.

రెండో ప్రయాణం మా అమ్మతో. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్ రావడం, నాలుగు రాత్రులు. అమ్మకు 74 ఏళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. ఓడలో లిఫ్టులున్నా, గది నుంచి లిఫ్టు దాకా ఉండే వరండా మన రైలు ప్లాట్‌ఫారం అంత పొడుగు. బాల్కనీ గది అడగాలని అప్పుడే అనుకున్నాం.

అమ్మది కార్వేటినగరం పక్కన పల్లె. మా ఇంటి ముందు తిన్నె ఉండేది. సాయంత్రం పని అయిపోగానే అమ్మ దాని మీద కూర్చుని రోడ్డున పోయే బండ్లు చూసేది. చెరుకు కాలంలో అయితే ట్రాక్టర్లను లెక్కపెట్టి, "ఈ రోజు పద్నాలుగు పోయినాయి" అని మా నాయనకు చెప్పేది. తిరుపతిలో అపార్ట్‌మెంటుకు వచ్చాక ఆమెకు పోయింది ఆ తిన్నె ఒక్కటే. మిగతావన్నీ అలవాటైపోయాయి.

ఓడలో ఆ తిన్నె మళ్లీ దొరికింది. మలక్కా జలసంధి ప్రపంచంలో ఎక్కువ రద్దీ ఉన్న సముద్ర మార్గాల్లో ఒకటి. మలేసియాకూ సుమత్రాకూ మధ్య సన్నటి దారి. రోడ్డు మీద ఎడమ, కుడి ఉన్నట్టే అక్కడ పోయే ఓడలకు ఒక వరస, వచ్చే ఓడలకు ఒక వరస ఉంటుంది. ఎవరి వరసలో వాళ్లు కుడి పక్కకే నడుస్తారు. మా గది అదృష్టం కొద్దీ ఎడమ వైపు పడింది. అంటే ఎదురొచ్చే ఓడలన్నీ మా బాల్కనీ ముందు నుంచే పోతాయి. పెట్టెలు పేర్చుకుని పోయేవి, నూనె ఓడలు, ఎర్ర రంగువి, తుప్పు పట్టినవి. అమ్మ ఉప్పుగాలికి మసకబారిన కళ్లద్దాలను కొంగుతో తుడుచుకుంటూ, మళ్లీ పెట్టుకుంటూ లెక్కపెట్టింది. "ఒరే నాయనా, ఇంగా ఎన్ని వస్తాయిరా?" అని అడిగింది. ముప్పై దాటాక లెక్క మానేసి ఊరికే చూస్తూ కూర్చుంది.

ఫుకెట్‌లో ఓడ రేవుకు ఆనుకోలేదు. దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో మనుషుల్ని ఒడ్డుకు చేర్చారు. ఊగే పడవలోకి కాలు పెట్టడం అమ్మ వల్ల కాదు. "నాకేమీ ఇబ్బంది లేదు, మీరు పోయి రాండి" అంది. ఇన్‌సైడ్ గది అయి ఉంటే మాలో ఒకరం ఆగిపోయేవాళ్లం, లేదా ఆమెను నాలుగు గోడల మధ్య వదిలి పోవడానికి మనసొప్పక అందరం ఆగేవాళ్లం. మేము తిరిగొచ్చేసరికి ఆమె బాల్కనీలోనే ఉంది. ఎదురుగా పచ్చటి కొండలు. ఒడ్డుకు పోయి వచ్చిన పడవలు ఎన్నో మాకు వివరంగా చెప్పింది.

ఇంకొకటి. ఓడలో అగరుబత్తీ, కొవ్వొత్తి వెలిగించనివ్వరు. నిప్పు భయం వాళ్లకు చాలా ఎక్కువ, అది న్యాయమే. దీపం లేకుండా ఎట్లా అని అమ్మ మొదట దిగులుపడింది. తిరుగు ప్రయాణంలో ఓడ ఆగ్నేయానికి తిరిగేసరికి మా ఎడమ వైపు తూర్పు అయింది. నాలుగో రోజు పొద్దున స్వామి చిన్న పటాన్ని ఒళ్లో పెట్టుకుని, నీళ్లలోంచి లేస్తున్న సూర్యుడికి దండం పెట్టుకుంది. "దీపం ఆయనే పెట్టినాడు" అంది. ఆ ఒక్క పొద్దుటి కోసమే మళ్లీ అంత డబ్బూ కట్టమన్నా కడతాను.

అందుకే నన్నెవరైనా అడిగితే ముందు ఓడ పేరు అడగను, మీతో ఎవరు వస్తున్నారని అడుగుతాను. గది దాటి తిరగలేని మనిషి ఉన్నారా? పెద్దవాళ్లు, నెలల పిల్లతో ఉన్న తల్లి, జనంలో ఉండలేనివాళ్లు? పసిపిల్ల మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతే ఆ తల్లి చీకటి గదిలో గోడ చూస్తూ కూర్చోవాలా, తలుపు అవతల గాలిలో కూర్చోవాలా? అలాంటివాళ్లు ఉంటే బాల్కనీ డబ్బు గురించి వెనకాడవద్దు. అందరూ బాగా తిరగగలిగినవాళ్లయితే ఒక లెక్క వేయండి. రెండు గదుల మధ్య తేడా 20,000 రూపాయలు అనుకుందాం. రేవులో ఆగే రోజు మీరు ఊళ్లో ఉంటారు. రాత్రి బాల్కనీలోంచి చీకటి తప్ప పెద్దగా కనపడదు. మన వైపు సముద్రాల్లో మధ్యాహ్నం ఎండకూ ఉక్కకూ అక్కడ కూర్చోలేరు. మిగిలేది పొద్దున, సాయంత్రం. రెండు రాత్రుల ప్రయాణంలో అది నాలుగు గంటలు. గంటకు 5,000. ఏడు రాత్రులు, అందులో మూడు రోజులు పూర్తిగా సముద్రం మీదే అయితే లెక్క వేరేగా వస్తుంది. అలాస్కా, నార్వే లాంటి చోట్ల దారి పొడుగునా కొండలు, మంచు కనిపిస్తూనే ఉంటాయి, బయట చలి. అక్కడ దుప్పటి కప్పుకుని మన గది ముందే కూర్చోవడం నిజంగా సుఖం. అలాస్కాలో గ్లేసియర్ బే దగ్గర మాత్రం ఓడను నెమ్మదిగా తిప్పి రెండు వైపుల వాళ్లకూ మంచుగోడ చూపిస్తారు. అక్కడ ఏ పక్క గది దొరికిందన్న టెన్షన్ అక్కర్లేదు.

బాల్కనీ అని పేరుంటే చాలదు, ఇది బాగా గుర్తుంచుకోండి. మాకు మొదట ఒక ఏజెంటు చూపించిన గది ధర తక్కువగా ఉంది. డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం, పంపించమని రెండుసార్లు అడిగాక పంపాడు. చూస్తే ఆ గది ముందే లైఫ్‌బోట్ వేలాడుతోంది. అమ్మ నాలుగు రోజులు ఆ పడవ అడుగును చూస్తూ కూర్చునేది. ఆయన ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. రెండోది, పిట్టగోడ దేనితో చేశారని అడగండి. కొన్ని ఓడల్లో కింది అంతస్తుల బాల్కనీలకు అద్దం ఉండదు, ఇనుప రేకు ఉంటుంది. నిలబడితే సముద్రం, కూర్చుంటే రేకు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది ఎందుకూ కొరగాదు. పెద్ద ఓడల్లో లోపలి వైపు చూసే బాల్కనీలు కూడా ఉన్నాయి. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ ఓడ మధ్యలో తోట పెంచి, దాని వైపు బాల్కనీలు కట్టారు. అందంగానే ఉంటుంది, కాని అక్కడి నుంచి కనిపించేది చెట్లూ మనుషులూ. 2014 నాటి క్వాంటమ్ ఆఫ్ ది సీస్‌లో కిటికీ లేని గదుల గోడకు 80 అంగుళాల తెర పెట్టి బయటి సముద్రాన్ని అప్పటికప్పుడు చూపించారు. గాలి మాత్రం తెరలోంచి రాదు. గది నెత్తిన ఈతకొలను డెక్కు ఉందేమో కూడా చూసుకోండి. తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడుకు నిద్ర ఉండదు.

పిల్లలున్నవాళ్లకు ఒక మాట. అమెరికా 2010లో చేసిన చట్టం ప్రకారం అక్కడి రేవులకు వచ్చే ప్రయాణికుల ఓడల్లో కమ్మీ 42 అంగుళాలకు తగ్గకూడదు. పెద్దవాళ్లకు నడుము పైదాకా వస్తుంది. అయినా కుర్చీ లాక్కుని ఎక్కే వయసు పిల్లలుంటే బాల్కనీ తలుపుకు పై గడియ పెట్టాల్సిందే, కుర్చీలు గోడ వైపు జరపాల్సిందే. తలుపు కూడా బరువు. గది తలుపూ బాల్కనీ తలుపూ ఒకేసారి తీస్తే గాలి సొరంగంలో దూరినట్టు దూరి, ఏదో ఒకటి ధడేలున మూసుకుంటుంది. మొదటి రోజు నా వేళ్లు వెంట్రుకవాసిలో తప్పాయి. అప్పటి నుంచి ఒకటి మూశాకే రెండోది తీయడం అలవాటు చేసుకున్నాం. తడిబట్టలు కమ్మీ మీద ఆరేయకండి. ఆరేయనివ్వరు, ఆరేసినా మళ్లీ దొరకవు.

వచ్చే ఏడాది మేమిద్దరమే మళ్లీ పోవాలనుకుంటున్నాం, మూడు రాత్రులు. ఈసారి బాల్కనీ తీసుకోవడం లేదు. కింది అంతస్తులో, ఓడకు నడుమ, కిటికీ ఉన్న గది అడిగాం. మా ఆవిడ తల తిరుగుడుకు అదే సరి. అమ్మను కూడా రమ్మని, నువ్వొస్తే బాల్కనీ గదికి మార్చుకుంటామని చెప్పాను. "ఆ ఓడలు చూసేసినా కదరా, మీరు పోయి రాండి. వచ్చినాక ఎన్ని ఎదురొచ్చినాయో చెప్పండి" అంది. లెక్క రాసుకోవడానికి చిన్న నోటు పుస్తకం కొన్నాం.

నమస్కారం.